గడ్డిదూడతో అక్క

ఆ ఫోటో చూసినవాళ్ళు ముందు చిన్నగా నవ్వుతారు. ఇన్నేళ్ళయినా అంతే. పశువుల పాకలోకి ఏటవాలుగా పడుతున్న పొద్దుటి ఎండ, ఆ ఎండలో ఒక పడుచు, ఆమె రెండు చేతుల మధ్య దూడ తల, ఆ దూడ నుదురు నాకుతున్న గేదె. ఆమె భుజం మీదుగా ఒక మల్లెదండ జారి ముందుకు పడి ఉంటుంది. కళ్ళు సగం మూసుకుని, పళ్ళు కనపడేలా నవ్వుతూ ఉంటుంది. వారపత్రికలో అచ్చయిన ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఎవరైనా నా పాత ఫోటోలు చూపించమంటే అట్టపెట్టెలోంచి అదీ బయటికి వస్తుంది. "ఎంత నిండుగా నవ్వుతోందండీ ఆవిడ" అంటారు. నేను అవునండీ అంటాను.

ఆవిడ మా అక్క. ఫోటో తీసింది నేను.

అప్పటికి ఎమర్జెన్సీ ఇంకా రాలేదు. నేను విజయవాడ రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, మెళ్ళో సెకండ్ హ్యాండ్ కెమెరా. అది మెళ్ళో పడ్డాక నాకు కళ్ళు నెత్తికెక్కాయని మా అమ్మ అనేది. నిజమే. ఆదివారం వస్తే కృష్ణ ఒడ్డున బట్టలుతికేవాళ్ళనీ, బ్యారేజీ మీద సైకిళ్ళనీ, కాలవ గట్టున బాతుల్నీ తీస్తూ తిరిగేవాణ్ణి. మా ఊళ్ళో నాలాంటి పిచ్చివాళ్ళు పదిహేను మంది కలిసి ఒక కెమెరా క్లబ్బు పెట్టుకున్నారు. అందులో అందరికంటే చిన్నవాణ్ణి నేను, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

ఒంటరిగా నిలబడిన మనిషి ఫోటో చూస్తే మనకు ఎక్కడో చిన్న అనుమానం ఉంటుంది, వీడు ఫోటో కోసం మొహం పెట్టాడని. పక్కన ఒక పశువుని నిలబెట్టండి, ఆ అనుమానం కాస్తా పోతుంది. పశువుకు నటించడం రాదు కాబట్టి దాన్ని పట్టుకున్న మనిషి కూడా నటించడం లేదని నమ్మేస్తాం. మా ఆఫీసులో ఒకాయన ఎవరివో పందెపు ఎడ్ల మధ్య నిలబడి తీయించుకున్న ఫోటోని టేబులు అద్దం కింద పెట్టుకున్నాడు. ఆయనకు సొంతానికి ఒక కోడిపిల్ల కూడా లేదు. మామిడికాయల బుట్టలు బుక్ చేయడానికొచ్చే రైతులు ఆ ఫోటో చూసి, ఈయనెవరో పెద్ద ఆసామి అనుకుని ఆయనకే ముందు నమస్కారం పెట్టేవాళ్ళు. మేం నోటికి కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. అలాంటిదొకటి నేనే తయారుచేస్తానని, దాని దెబ్బ మా అక్కకు తగులుతుందని అప్పుడు నాకు తెలియదు.

మాది విజయవాడ పక్కనే గుణదల. ఆర్సీఎం వాళ్ళం, అంటే కాథలిక్కులం. ఏటా ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళప్పుడు కొండ కింద ఫోటోల స్టాళ్ళు వెలిసేవి. ఒక స్టాల్లో చెక్కగుర్రం ఉండేది. దానిమీద అక్కా నేనూ ఎక్కి తీయించుకున్న ఫోటో ఒకటుంది. అక్కకు పన్నెండేళ్ళు, నాకు ఎనిమిది. నేను కళ్ళెం పట్టుకుని మహారాజులా బిగుసుకుపోయాను. అక్క మాత్రం జడ ముందుకు వేసుకుంది, జడలో పూలు ఫోటోలో పడాలని. ఆ పూల కోసం పొద్దున్నుంచీ అమ్మ ప్రాణం తీసింది. గుర్రం చెక్కదని చూసినవాళ్ళందరికీ తెలుసు. అందుకని అందులో అబద్ధం లేదు.

అక్కను మైలవరం దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావ అక్కడి బడిలో టీచరు. మంచి మనిషి, మాట తక్కువ. వాళ్ళది వేరే క్రైస్తవ సంఘం. అందులో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు, పూలు ముట్టుకోరు. పెళ్ళికి ముందు అక్క వాళ్ళ సంఘంలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది. చెవుల దుద్దులు తీసి అమ్మ చేతిలో పెట్టింది. దుద్దుల కోసం అమ్మ ఏడ్చింది గానీ పూల సంగతి ఎవరూ ఎత్తలేదు. చూడబోతే ఆ ఊరి చుట్టూ మల్లెతోటలే. తెల్లారేసరికి కోసిన పూలు బుట్టలకెత్తి మొదటి బస్సుకు విజయవాడ పంపిస్తారు. అంత వాసన మధ్య మా అక్క ఆరేళ్ళు బోడిజడతో తిరిగింది. దాని మీద ఆవిడ ఒక్క మాట అనలేదు. నాకే బావ మీద, వాళ్ళ సంఘం మీద లోపల ఒక మంట ఉండేది.

ఆరేళ్ళ తర్వాత అక్కకు కొడుకు పుట్టాడు. అమ్మ అప్పటికే ఆయాసంతో మంచం పట్టింది కనుక పురుడు అత్తగారింట్లోనే జరిగింది. పదో రోజుకు నాకు కార్డు వచ్చింది. అక్క చేతిరాత. "బాబు నీ పోలికేరా. చెవులు కూడా నీవే, పాపం. కెమెరా తీసుకుని రా. వాడిదొక ఫోటో తియ్యి."

నేను వెళ్ళలేదు. అప్పుడు తిరునాళ్ళు నడుస్తున్నాయి. క్లబ్బువాళ్ళు ఏటా పెట్టే పోటీకి కొండ మెట్ల మీద కొవ్వొత్తులతో ఎక్కే జనాన్ని తీయాలని నా పట్టుదల. ఉన్న మూడు రోజుల సెలవూ దానికే పెట్టాను. పిల్లాడు ఎక్కడికి పోతాడు, వచ్చే వారం వెళ్దాం అనుకున్నాను. వచ్చే వారం డ్యూటీ మారింది. ఆ పై వారానికి కెమెరాలో కొత్త రోలు వేసి, సంచిలో సర్ది, తలుపు వెనక మేకుకు తగిలించి పెట్టాను. పసివాడికని ఒక గిలక్కాయ కూడా కొన్నాను.

ఒక పొద్దున పూలబుట్టలతో మార్కెట్టుకొచ్చిన మనిషి ఒకాయన అడ్రసు కనుక్కుని మా ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మేష్టారి బాబు పోయాడండి. మొన్న సాయంత్రం. జొరమొచ్చింది, ఫిట్లొచ్చినయ్యి. మైలవరం తీసుకుపోయేలోపే అయిపోయింది. సమాధి కూడా చేసేశారండి."

పందొమ్మిది రోజులు బతికాడు. నేను వాణ్ణి చూడలేదు. అమ్మ మంచం మీదనుంచి లేవలేక గోడకేసి తిరిగి ఏడ్చింది. నేను మేకుకున్న సంచి తీసుకుని బస్సెక్కాను. గిలక్కాయ తీసి అలమరలో పడేశాను. కెమెరా తీసి ఇంట్లో పెట్టాలన్న ఆలోచన రాలేదు. రాలేదంటే అబద్ధం. వచ్చింది. పెట్టలేదు.

నేను వెళ్ళేసరికి ఇంకా ఎండ లేతగానే ఉంది. బావ సమాధి దగ్గరికి వెళ్ళాడని దారిలో ఎవరో చెప్పారు. ఇంట్లో ఎవరూ లేరు. దూలానికి ఉయ్యాల చీర అట్లాగే వేలాడుతోంది. పెరట్లోకి వెళితే పాకలో అక్క కనపడింది. గేదె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వెనక వాళ్ళ అత్తగారు తపేలా పెట్టుకుని పాలు పితుకుతోంది.

అక్క నన్ను చూసింది. ఏడవలేదు. "తిన్నావా ఏమన్నా?" అంది.

"నువ్వెందుకక్కా ఇక్కడ? పడుకోకుండా ఈ పనేంటి?"

"పడుకుంటే ఆ ఉయ్యాలే కనపడుతోందిరా. ఇక్కడైతే పనుంది. దీని దూడ కూడా పోయిన వారమే పోయింది. ఇంకెవరు పట్టుకున్నా పాలు చేపట్లేదు."

అప్పుడు చూశాను ఆవిడ చేతుల్లో ఉన్నదేమిటో. పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ నేను అదే మొదటిసారి చూడడం. దూడ చచ్చిపోతే గేదె పాలు ఎగబట్టేస్తుంది, పొదుగులో ఎన్ని ఉన్నా వదలదు. అందుకని ఆ దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టేస్తారు. కాళ్ళ చోట నాలుగు కర్రలు పెడతారు. దాన్ని ముందు పెడితే గేదె వాసన చూస్తుంది, నాకుతుంది, నాకుతూ నాకుతూ ఉండగా పాలు చేపుకొస్తాయి. ఆ గడ్డిదూడ తలను అక్క రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. కళ్ళ చోట రెండు కుట్లున్నాయి. దగ్గరికి వెళితే ముక్కవాసన.

గేదె తల వంచి నాకడం మొదలుపెట్టింది. పాక కప్పు సందులోంచి ఎండ సరిగ్గా వాళ్ళ ముగ్గురి మీదా పడింది. ముగ్గురూ అని రాశాను చూడండి, అదే నా రోగం. అక్క మెడ దగ్గర పైట కిందనుంచి మల్లెదండ ఒకటి జారి భుజం మీదుగా ముందుకు పడింది. ఆ ఏటి తొలి మల్లెలు. బిడ్డ పోయిన మూడో రోజున పూలేమిటని నాకు అనిపించాలి. అనిపించలేదు. ఆరేళ్ళుగా లోపల పెట్టుకున్న మంట కదా, అదే మాట్లాడింది. మా అక్క తెగించిందని, సంఘం లేదు గింఘం లేదని పూలు తెచ్చుకుందని, మళ్ళీ గుణదల పిల్లయిందని సంతోషించాను. ఆ క్షణంలోనే అక్క కళ్ళు మూతలుపడి, పెదాలు విడివడి, పళ్ళు కనపడ్డాయి. నా చెయ్యి సంచిలోకి పోయింది. ఒకటే ఫోటో తీశాను.

చప్పుడు విని అక్క కళ్ళు తెరిచింది. "ఇప్పుడెందుకురా అది" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఊళ్ళో రెండు రోజులుండి వచ్చేశాను. క్లబ్బులో ఒకాయన స్నానాలగదిని చీకటిగదిగా మార్చుకున్నాడు. అందులో ఎర్రబల్బు కింద ఆ ఫోటో కాగితం మీదికి తేలుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు నేను తీసిన కొవ్వొత్తులన్నీ దాని ముందు దిగదుడుపే. కానీ కింద కర్రలు కనపడుతున్నాయి. కుడిపక్కన అత్తగారి మోచెయ్యి, తపేలా. నేను నాలుగువైపులా కొలిచి, కింద భాగమూ కుడిభాగమూ వదిలేసి మళ్ళీ ప్రింటు వేశాను. కళ్ళ కుట్లు గేదె నాలుక నీడలో పడి కనపడలేదు. కత్తిరించాక దూడ బతికింది. నాకు ఆ పని చేస్తున్నప్పుడు సిగ్గు వేయలేదు. ఫోటో బాగుపడిందనే అనుకున్నాను.

పోటీకి వచ్చిన న్యాయనిర్ణేత రిటైరైన డ్రాయింగు మేష్టారు. దాని ముందు చాలాసేపు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "పేరేం పెట్టావయ్యా?" అన్నారు. పెట్టలేదండీ అన్నాను. "మురిపెం అని పెట్టు. పూలు, పాలు, పసితనం. ఇంకేం కావాలి?" అన్నారు. మొదటి బహుమతి కప్పు నా చేతికిచ్చారు. ఫోటోలో ఉన్నది మీ ఇంటావిడా అని ఎవరో అడిగితే, మా అక్క అని గర్వంగా చెప్పాను. బిడ్డలెంతమంది అని ఒకాయన అడిగాడు. నేను విననట్టు పక్కకు తిరిగాను. ఆ తర్వాత ఒక వారపత్రికవాళ్ళు అడిగితే ఇచ్చాను. వాళ్ళు నిండు పేజీ వేసి, కింద "పల్లె తల్లి మురిపెం" అని అచ్చేశారు. అక్కకు నేను ఒక్క ముక్క రాయలేదు. రాద్దామనుకున్న ప్రతిసారీ ఏమని రాయాలో తెలియలేదు.

ఏప్రిల్ నెలాఖరులో బావ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ కవరు వచ్చింది. మూడే వాక్యాలు. మీరు తీసిన ఫోటో పత్రికలో చూశాము. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చుంటున్నారు. మీరు రావలసింది.

నన్ను ఎప్పుడూ మీరు అని రాసిన మనిషి కాదు. నాకు విషయం అర్థమైంది, కనీసం అర్థమైందనుకున్నాను. సమాధి మట్టి ఇంకా తడి ఆరకముందే దూడతో ఆడుకుంటూ ఫోటో దిగిందని ఎవరో అని ఉంటారు. అది ఆట కాదు పని అని చూపిస్తే సరిపోతుంది. శనివారం చీకటిగదికి వెళ్ళి, కత్తిరించకుండా ప్రింటు వేశాను. కర్రలు, మోచెయ్యి, తపేలా, అన్నీ ఉన్నాయి. నా కప్పు పోతే పోయిందనుకున్నాను. ఆ త్యాగానికి నాలో నేనే కొంచెం మురిసిపోయాను కూడా.

బస్సు దిగేచోట బావ నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. దారిలో సగం దూరం వచ్చాక ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"బళ్ళో మా హెడ్మాష్టారు చూపించారయ్యా ఆ పుస్తకం. మీ ఆవిడ కదండీ, ఎంత సంతోషంగా ఉందండీ అన్నారు. వాడు పోయిన మూడోరోజు నేను మెతుకు ముట్టలేదు. సమాధి దగ్గర కూర్చున్నా. ఆ టైములో తను ఇంట్లో పూలు పెట్టుకుని నవ్వుతా ఉందా? నాకదొక్కటి చెప్పు."

"అక్కని అడిగారా బావగారూ?"

"అడిగా. నేను నవ్వలేదంటది. కళ్ళ ముందు ఫోటోలో కనపడతుంటే నవ్వలేదంటే ఎట్లా? మరి పూలేంటంటే మాట్లాడదు. నెల దాటింది మేం మాట్లాడుకుని."

అక్క మాటకంటే నా కెమెరా మాట మీద ఆయనకు నమ్మకం ఎక్కువైంది. ఆయన్ని ఏమనను? నేను కూడా అది నవ్వేననుకున్నాను.

ప్రార్థన మందిరంలో చాపల మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. పెద్దలు నలుగురు, పాస్టరుగారు. అక్క ఆడవాళ్ళలో చివర, గోడకు ఆనుకుని ఉంది. పక్కన అత్తగారు. పత్రిక చేతులు మారి చివరికి పాస్టరుగారి దగ్గరికి చేరింది. నేను లేచి, నా పెద్ద ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను.

"అయ్యా, అది నేను కత్తిరించి వేసిన ఫోటో అండి. అసలుది ఇది. ఆ దూడ గడ్డిదూడండి. ఇదిగో కర్రలు. ఇదిగో ఇక్కడ మా అత్తయ్యగారు పాలు పితుకుతున్నారు. మా అక్క పనిలో ఉందండి. తప్పు నాదండి."

పెద్దల్లో ఒకాయన ప్రింటును వెలుతురుకు పెట్టి చూశాడు. "ఓహో. అంటే చచ్చిన దూడని పట్టుకుని నవ్వుతా ఉందన్నమాట" అన్నాడు.

ఆడవాళ్ళవైపు గుసగుస లేచింది. ఆయన వెటకారంగా అనలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. పత్రికలో దూడ బతికుంది కాబట్టి ఆ నవ్వుకు ఏదో కాస్త సాకు దొరికేది. నేను అసలు ఫోటో తెచ్చి ఆ సాకు కూడా తీసేశాను.

పాస్టరుగారు కఠినుడు కాదు. నెమ్మదిగా అడిగారు. "కష్టంలో ఉన్న పిల్ల, మొహం ఎట్లా ఉన్నా మనం అనకూడదు. కానీ బాబూ, ఈ పూల సంగతేంటి? మన సోదరి పూలు విసర్జించానని దేవుని ఎదుట ఒప్పుకుంది గదా."

అక్క తల వంచుకుంది. అత్తగారు కొంగు మొహం మీదికి లాక్కుంది. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ తరఫున మాట్లాడేవాడు నేనొక్కణ్ణే అనుకున్నాను.

"మా అక్కకి చిన్నప్పట్నుంచీ పూలంటే ప్రాణమండి! ఆరేళ్ళు మీకోసం మానుకుంది. అంత కష్టంలో ఒక్కరోజు, ఒక్క దండ పెట్టుకుంటే ఏమైపోయిందండి?"

అక్క తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. దారి తప్పినవాణ్ణి చూసినట్టు చూసింది. పాస్టరుగారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. సొంత తమ్ముడే చెప్పాక ఇంకేముంది? ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదని, రొట్టె తీసుకోకూడదని, వెనక కూర్చోవాలని చెప్పారు. బావ లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక అక్క పెరట్లోకి పోయింది. నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యిలో నిప్పు లేదు.

"మీరు ఆ రోజు అక్కడే ఉన్నారు గదా అత్తయ్యగారూ. ఒక్క మాట సాయం రాకూడదా? మీ కోడలే గదా."

ఆవిడ పొయ్యివైపు చూస్తూనే మాట్లాడింది.

"నీకు పెళ్ళి కాలేదు బాబూ. నీతో అనాల్సిన మాట కాదిది. బిడ్డ పోయినా తల్లికి పాలాగవు. రాళ్ళల్లే గట్టిపడిపోతయ్యి. జొరమొస్తది. మల్లెపూలు రొమ్ముకి కట్టుకుంటే పాలు ఇంకిపోతయ్యి. మూడు పూటలా మార్చాలి. తోటలోకి పోయి నేనే కోసుకొచ్చా, కొంగులో దాచుకుని. నేనే కట్టా. మనం పూలు ముట్టం గదా, ఎవరికీ చెప్పబాకని నేనే అన్నా."

నేను గుమ్మం పట్టుకున్నాను.

"గేదె నాకతా చేపేసరికి ఈ పిల్లకి కూడా పాలు పొంగుకొచ్చేయ్యి. ఆ సలుపుకి పళ్ళు బిగబట్టేది. వద్దమ్మా నేను చూసుకుంటాలే అంటే, అది నా దగ్గరైతేనే చేపుద్ది అత్తయ్యా అనేది. నువ్వు దాన్ని నవ్వన్నావు."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదండీ?"

"అంతమంది మగాళ్ళల్లో ఎట్లా చెప్పేదయ్యా? ఏం మాటని చెప్పేది?" ఆవిడ పుల్లతో బూడిద కెలికింది. "నాకు ముగ్గురు పోయారు. మూడుసార్లు మా అత్త నాకట్లాగే కట్టింది. ఎవరికి తెలుసు? మా ఇంటాయనకు కూడా తెలియదు."

దండ అక్క పాలను ఎండబెడుతుంటే, గడ్డిదూడ గేదె పాలను రప్పిస్తోంది. రెండింటి మధ్యా మా అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నేను దాన్ని తీసి, కత్తిరించి, కప్పు తెచ్చుకున్నాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

బావ బడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి, నేలవైపు చూస్తూ, ఆ నాలుగు మాటలూ చెప్పేశాను. ఆయన విన్నాడు. "పళ్ళు బిగబట్టిందా" అన్నాడు ఒకసారి. ఇంకోసారి అదే అన్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. మర్నాడు ఆయన ఒక్కడే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాడట. పదిమందిలో చెప్పిన తీర్పును పదిమందిలో వెనక్కి తీసుకోవాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్పేది కాదు. రెండు నెలలయ్యాక ఎవరికీ ఏమీ చెప్పకుండా అక్కను బల్ల దగ్గరికి పిలిచారు. అక్క వెళ్ళలేదు. ఆరు నెలలూ నిండేదాకా వెనకే కూర్చుంది. ఊళ్ళో చాలామందికి ఆవిడ ఇప్పటికీ బిడ్డ పోయిన మూడో రోజున నవ్విన మనిషే.

ఆ ఆదివారం నేను బస్సుకు బయల్దేరబోతుంటే అక్క పెరట్లోంచి వచ్చింది. మందిరంలోంచి వెనక్కి తెచ్చుకున్న ఆ పెద్ద ప్రింటు నా చేతిలో ఉంది. దాన్ని రెండుగా చింపబోయాను.

"చింపబాక. ఇటివ్వు" అంది.

"ఎందుకక్కా ఈ దరిద్రం? నెగటివ్ కూడా కాల్చేస్తా. నన్ను చెప్పుతో కొట్టు."

"ఇటివ్వరా. వాడి ఫోటో ఇదొక్కటే."

నాకు అర్థం కాలేదు. "ఇందులో వాడెక్కడున్నాడక్కా?" అన్నాను.

అక్క లోపలికి వెళ్ళి బావ గడ్డం కత్తిరించుకునే చిన్న కత్తెర తెచ్చింది. గడప మీద కూర్చుని ప్రింటు ఒళ్ళో పెట్టుకుంది. ముందు గేదెను తీసేసింది. తర్వాత దూడను, కర్రల్ని, అత్తగారి మోచేతిని. ఆ తర్వాత మెడ దగ్గర నెమ్మదిగా తిప్పి, తన మొహాన్ని కూడా తీసేసింది. చివరికి చేతిలో అగ్గిపెట్టెంత ముక్క మిగిలింది. అందులో మల్లెదండ ఒక్కటే ఉంది.

"ఇవి వాడి కోసం కట్టినయ్యే గదరా" అంది.

ఆ ముక్కను బైబిల్లో పెట్టుకుంది. మిగిలిన ముక్కలు, నవ్వుతున్న ఆ మొహంతో సహా, పొయ్యిలో వేసి నిప్పు రాజేసింది. దాని మీదే ఎసరు పెట్టి, అన్నం తిని పొమ్మని నాకు పీట వేసింది.